ఆఖరి కజ్జికాయ

దెయ్యాల్ని నమ్మేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. భయం కాదు, చిరాకు. ఏళ్ళ తరబడి జూనియర్ కాలేజీలో ఆడపిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. హాస్టల్ బాత్‌రూములో ఎవరో ఏడుస్తున్నారని పిల్లలు వణుకుతూ వస్తే, వెళ్ళి చూసి కొళాయి వాషరు మార్పించినదాన్ని. మా ఇంట్లో ఎవరికైనా దిష్టి తీస్తుంటే, ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేస్తే దగ్గు ఎందుకొస్తుందో పక్కన నిలబడి వివరించి తిట్లు తిన్నదాన్ని. మా బంధువుల్లో నాకు "నాస్తికురాలు" అని పేరు కూడా ఉంది. దేవుడి సంగతి వేరు గానీ, దెయ్యాల విషయంలో ఆ పేరు నాకు బాగానే నచ్చింది.

అలాంటి నేను ఇది రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ బతిమాలను. నమ్మకపోతే నాకేం కోపం లేదు, మీ స్థానంలో నేనున్నా నమ్మను. నా దగ్గర ఒక ఫోటో, ఒక ఎక్స్‌రే ఉన్నాయి. ఇంట్లో షెల్ఫు మీద ఆ వస్తువు కూడా ఉంది. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా చెల్లెలు సుధ సెరామిక్ ఆర్టిస్టు. మట్టిని మలిచి, ఆరబెట్టి, పూత పూసి, బట్టీలో కాలుస్తుంది. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య చిన్న షెడ్డు అద్దెకు తీసుకుని గ్యాసు బట్టీ పెట్టుకుంది. చుట్టూ రేకులు కొట్టే మోత, వెల్డింగు రవ్వలు. వాటి మధ్య తల వంచుకుని కూచుని ఇది బొమ్మలు చేసుకుంటూ ఉంటుంది. మొదట్లో పక్క షెడ్డు మెకానిక్కులు ఇడ్లీపాత్రలు చేస్తోందనుకున్నారట.

అంతకుముందు అది బ్యాంకులో ఆఫీసరు. ఆ ఉద్యోగం వదిలేశానని చెప్పిన రోజు మా ఇంట్లో అయిన గొడవ వీధి చివరిదాకా వినపడింది. అప్పటికే నాన్న పోయారు. మా ఇద్దర్నీ చదివించడానికి అమ్మ పడ్డ పాట్లు మాకు తెలుసు. ఆ రోజు భోజనాల దగ్గర సుధ కూర గిన్నె పట్టుకుని వడ్డించబోతే అమ్మ కంచం పక్కకు లాక్కుంది.

"మట్టి పిసుక్కోడానికా నిన్నంత చదివించింది? ఇంక ఆ చేతుల్తో నాకు వడ్డించమాక," అంది.

సుధ గిన్నె కింద పెట్టి వెళ్ళిపోయింది. అమ్మ ఎంత మొండిదో అది అంతకు రెండింతలు. ఆ తర్వాత ఇంటికి వచ్చేది, అమ్మ పక్కన కూచునేది, బీపీ మందులు తెచ్చేది. అన్నం గిన్నె మాత్రం ముట్టుకునేది కాదు. అమ్మ కూడా పెట్టమని అడగలేదు. ఒక్కసారైనా ఆటోనగర్ వెళ్ళి అదేం చేస్తోందో చూద్దాం రమ్మంటే, "ఎండగా ఉంది" అనేది. విజయవాడలో ఎండ లేని రోజేదో ఆవిడకే తెలియాలి.

అమ్మ నోటినుంచి పొరపాటు అనే మాట నేనెప్పుడూ వినలేదు. కోపంలో మాట తూలితే దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఆవిడకో పద్ధతి ఉండేది. మా చిన్నప్పుడు ఇంట్లో కజ్జికాయలు చేసినప్పుడు బయటపడేది ఆ పద్ధతి.

పుట్నాలపప్పు, పంచదార, ఎండుకొబ్బరి కలిపి దంచిన పొడి ఎప్పుడూ పిండి కంటే ముందు అయిపోయేది. చివర్లో ఒక్క ఉండ మిగిలేది. దాన్ని అమ్మ పూరీలా వత్తి, లోపల పొడి లేకుండా ఒకే ఒక్క జీడిపప్పు పలుకు పెట్టి, అంచు మూసి వేయించేది. అది బొద్దుగా పొంగేది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల జీడిపప్పు టకటకా దొర్లేది. ఆ ఆఖరి కజ్జికాయ ఆ వారం ఎవర్ని ఎక్కువ తిట్టిందో వాళ్ళకి. మొహం చూడకుండా, చేత్తో ఇటు తోసేది. అంతే. అది అందితే గొడవ అయిపోయినట్టు. ఎక్కువసార్లు అందుకున్నది సుధే.

చెక్కతో నొక్కే కజ్జికాయలంటే అమ్మకు అసహ్యం. బొటనవేలితో మడతమీద మడత వేస్తూ అంచు తనే అల్లేది. ఆవిడ చూపుడువేలి గోరు చిన్నప్పుడు తలుపు సందులో పడి నిలువునా చీలింది. అది మళ్ళీ అతుక్కోలేదు. అందుకని ఆవిడ వేసిన ప్రతి మడతలోనూ సన్నటి గీత పడేది. చివర మూలన అంచుని చిన్న తోకలా మెలేసి వదిలేది. పెళ్ళిళ్ళలో పదిమంది ఆడవాళ్ళు కూచుని చేసిన కజ్జికాయల్లోంచి అమ్మవి మేం ఏరి చూపించేవాళ్ళం. ఆ అంచు మా ఇద్దరికీ రాలేదు. నేను నేర్చుకోలేదు. సుధ నేర్పమంటే, "నీ చేతికి రాదులే, తడి ఎక్కువ" అనేది.

బ్యాంకు గొడవ తర్వాత ఇంట్లో కజ్జికాయలు చేయనేలేదు. ఆ ఏడాదే అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. మనుషుల్ని గుర్తుపడుతుంది, చెప్పింది అర్థమవుతుంది, ఎడమ చెయ్యి కదులుతుంది. అప్పటినుంచీ గుణదలలో నా దగ్గరే ఉంది. మేరీ అని ఒకావిడ అమ్మ పని చూస్తుంది, రాత్రిళ్ళు అమ్మ గదిలోనే పడుకుంటుంది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. అమ్మ కుడిచేతికి మూడు ఎర్రరాళ్ళ ఉంగరం ఉంది. నాన్న చేయించింది. మధ్యరాయి ఎప్పుడో ఊడిపోయింది. రోట్లో పచ్చడి నూరుతుండగా పొత్రం తగిలి ఒకవైపు నొక్కుకుపోయింది. పక్షవాతంతో ఆ చెయ్యి వాచి ఉంగరం వేలిలో కూరుకుపోయింది. ఆసుపత్రిలో సబ్బు రాశారు, దారం చుట్టి లాగారు, రాలేదు. కట్ చేయిద్దామంటే అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రక్తం బాగానే ఆడుతోంది కాబట్టి వదిలేశాం.

ఈమధ్య మా ఊళ్ళో ఒక మ్యూజియంలో సెరామిక్ ఆర్ట్ ప్రదర్శన పెట్టారు. పేరు చెప్పను, వాళ్ళ తప్పేమీ లేదు. వేరే రాష్ట్రాల ఆర్టిస్టుల మధ్య మన ఊరినుంచి సుధ పనికి చోటు దొరికింది. దారాలకు వేలాడదీసిన పింగాణీ పళ్ళేలు, కాలిన మట్టి పుస్తకాలు, కరిగిపోయినట్టున్న కూజాలు. నిజం చెప్పాలంటే వాటిలో సగం నాకు అర్థం కాలేదు. వాటి మధ్య సుధ పెట్టింది ఒకే ఒక్క కజ్జికాయ.

రెండు చేతులా పట్టుకుంటే సరిపోయేంత ఉంటుంది. గోధుమరంగు పూత మీద ముదురు మచ్చలు, అచ్చం నూనెలో వేగినట్టే. కానీ అంచు వేయలేదు. నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ సందులోంచి వేలు పెడితే లోపలికి వెళ్తుంది. నేనే పెట్టి చూశాను. లోపల ఖాళీ. దాని పేరు "ఆఖరిది".

"ఎన్నిసార్లు చేసినా అమ్మ అంచు రావట్లేదక్కా," అంది సుధ. "అబద్ధం అంచు వేసేకంటే ఇలా ఉంచడమే నయం. ఆ గొడవకి నాకింకా కజ్జికాయ రాలేదుగా."

అది నవ్వుతూనే అంది.

తమాషా ఏమిటంటే, ప్రదర్శనకు వచ్చిన ఆడవాళ్ళు గొప్ప గొప్ప కూజాలన్నీ దాటేసి వచ్చి దీని ముందు ఆగేవారు. "అంచు మూయకపోతే నూనెలో విచ్చుకుపోద్ది కదండీ!" అని గ్యాలరీలో కుర్చీ వేసుకుని కూచునే కాపలా ఆయనతో ఫిర్యాదు చేసేవారు. అదేదో ఆయనే చేసినట్టు. ఆయన కూడా పాపం, "నిజమేనండీ" అనేవాడు.

అమ్మని తీసుకెళ్దామని పట్టుబట్టింది నేను. సుధ వద్దంది. "చూసి మొహం తిప్పుకుంటే నేను తట్టుకోలేనక్కా" అంది. దానికి కావలసింది మెచ్చుకోలు కాదు. ఆ చేతులమీద అమ్మకు కోపం పోయిందా లేదా, అదొక్కటే. అమ్మకు మాట పోయాక ఆ సంగతి తెలిసే దారి మూసుకుపోయింది.

రద్దీ ఉండదని ఒక పనిరోజు మధ్యాహ్నం వెళ్ళాం. నేను, సుధ, మేరీ, చక్రాల కుర్చీలో అమ్మ. ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లో వెళ్ళేసరికే అమ్మ అలిసిపోయింది. గ్యాలరీలో మేమూ, కాపలా ఆయనా తప్ప ఎవరూ లేరు. ఒక్కో బొమ్మ ముందూ కుర్చీ ఆపుతూ వెళ్ళాం. కజ్జికాయ దగ్గరకు రాగానే అమ్మ చూపు నిలబడిపోయింది.

సుధ మోకాళ్ళమీద కూచుని, అమ్మ కుడిచెయ్యి ఎత్తి ఆ కజ్జికాయ మీద పెట్టింది. ముట్టుకోకూడదని బోర్డు ఉంది. కాపలా ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆ చెయ్యి తెరిచి ఉన్న అంచుమీద ఊరికే పడి ఉంది. నేను ఫోన్లో ఫోటో తీశాను. కాసేపటికి చెయ్యి జారి ఒళ్ళో పడిపోయింది. అమ్మ కళ్ళు మూసుకుంది. పిలిచినా తెరవలేదు.

"చూశావా," అంది సుధ. బయటకు వచ్చాక ఆటో ఎక్కి ఆటోనగర్ వెళ్ళిపోయింది. ఆవిడ అలిసిపోయిందే అని నేను వెనకనుంచి అరిచాను గానీ, నాకే ఆ మాటమీద నమ్మకం లేదు.

ఆ సాయంత్రం ఎప్పట్లాగే అమ్మ చేతికి నూనె రాశాను. ఉంగరం నా వేళ్ళకు తగిలింది. అలవాటుగా తిప్పబోయాను, కదల్లేదు. ఇది నాకు స్పష్టంగా గుర్తుంది. రాత్రి మేరీ అమ్మ గదిలోనే పడుకుంది. అమ్మ తనంత తాను పక్కకు కూడా తిరగలేదు, లేవడం అన్న మాటే లేదు.

పొద్దున్న నేను కాలేజీకి తయారవుతుంటే మేరీ పిలిచింది. ఆ పిలుపులోనే ఏదో తేడా ఉంది. వెళ్ళేసరికి తడిగుడ్డ పట్టుకుని అమ్మ పక్కన నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ముందు మీరు చూడండమ్మా. తర్వాత నన్నంటారు," అంది.

అమ్మ కుడిచేతికి ఉంగరం లేదు. ఉండాల్సిన చోట తెల్లటి పల్లం ఉంది. గీరుకున్న గుర్తు లేదు, ఎరుపు లేదు, వాపు ఎప్పట్లాగే ఉంది. ఆ వాపుమీంచి ఉంగరం ఎలా వస్తుంది? దుప్పట్లు దులిపాం, పరుపు ఎత్తాం, మంచం జరిపాం. మేరీ ఏడుస్తూ మరియమాత మీద ఒట్టు వేసింది. ఒట్లు వద్దులే అన్నాను. ఆ వేలినుంచి దాన్ని డాక్టర్లే తీయలేకపోయారు.

అప్పుడు మేరీ ఆ చేతివేళ్ళు నావైపు తిప్పింది. బొటనవేలి గోటికింద, చీలిన చూపుడువేలి గోటి సందులో బూడిదరంగు మట్టి. తడిగా ఉంది. నేను పిన్నుతో తీసి వేళ్ళమధ్య నలిపి చూశాను. ఇసుక లేని మెత్తటి మట్టి, సుధ షెడ్డులో గోనెల కింద ఉండే రకం. ముందురోజు అమ్మ ముట్టుకున్నది రాయిలా కాలిన బొమ్మని. దాన్ని ఎంత రుద్దినా వేలికి మట్టి అంటదు. పైగా సాయంత్రం నూనె రాసినప్పుడు ఆ గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

అమ్మ మొహంలోకి చూశాను. నావైపే చూస్తోంది. తాపీగా, కంటినిండా నిద్రపోయినదానిలా ఉంది.

"అమ్మా, ఉంగరం ఏదే?" అన్నాను. పిచ్చి ప్రశ్నలు వేస్తే చిన్నప్పుడు ఎలా చూసేదో అలా చూసింది.

ఇంతలో ఫోను. ప్రదర్శన చూసుకునే మ్యూజియం ఆఫీసరు.

"మేడమ్, సుధగారు ఫోనెత్తట్లేదండీ. మీరొకసారి వస్తారా? ఆ కజ్జికాయ..." అని ఆగారు.

"ఏమైందండీ, పగిలిందా?"

"పగల్లేదండీ. మూసుకుంది."

"మూసుకోవడమేంటండీ?"

"నాకూ అదే తెలియట్లేదండీ. వచ్చి చూడండి."

కాలేజీకి సెలవు పెట్టి వెళ్ళాను. దారంతా సుధని తిట్టుకున్నాను. ఇంకోటి చేసి రహస్యంగా మార్చి ఉంటుంది, కళాకారుల తిక్క ఇలాగే ఉంటుంది అనుకున్నాను. ఆ కోపం కొంత ధైర్యంగా కూడా ఉంది. ఏదో ఒక కారణం దొరికిందిగా.

గ్యాలరీలోకి వెళ్ళి దాన్ని చూడగానే ఆ కోపం ఎటు పోయిందో తెలియదు.

అంచు మూసి ఉంది. మడతమీద మడత, ఈ చివరనుంచి ఆ చివరదాకా. ప్రతి మడతలోనూ సన్నటి నిలువుగీత. మూలన చిన్న తోకలా మెలిక. దానిమీదుగా అదే గోధుమరంగు పూత, ఆ అంచులో ఎక్కడా అతుకు లేదు, పగులు లేదు. నేను వేలు పెట్టి చూసిన సందు లేదు. ఆ గీతలు మా అమ్మ గోరువి. అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కాల్చిన మట్టి సంగతి నేను క్లాసులో చెప్పేదే. ఒకసారి బట్టీలో కాలాక అది మళ్ళీ పిండిలా అవదు. నీళ్ళలో నానబెట్టినా, నిప్పుల్లో వేసినా వంగదు, పగులుతుంది. బిస్కెట్టుని తిరిగి చపాతీ పిండి చేయగలమా? అంతే ఇది కూడా.

ఆఫీసరు మర్యాదస్తుడు. వస్తువు తీసుకున్న రోజు వాళ్ళు అన్నివైపులనుంచీ తీసుకున్న ఫోటోలు కంప్యూటర్లో చూపించారు. మచ్చలు ఒక్కొక్కటే పోల్చి చూశాం. అడుగున కొడవలి ఆకారంలో చిన్న పగులు ఉంది, అది కూడా అదే. మచ్చలు బట్టీలో వాటంతటవే పడతాయి, ఎవరూ రెండోసారి అలాగే పడేటట్టు చేయలేరు. అంటే ఇది మార్చిన వస్తువు కాదు. అదే. కెమెరా కూడా చూశాం. సాయంత్రం మూసే ముందు నోరు తెరిచే ఉంది. లైట్లు ఆర్పాక తెరమీద నలుపు తప్ప ఏమీ లేదు. పొద్దున్న లైటు వేయగానే మూసుకుని ఉంది. తాళాలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

మిస్డ్ కాల్స్ చూసుకుని అప్పుడు సుధ వచ్చింది. దాన్ని ఒక్కసారి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. దాని మొహం చూశాక, ఇది దాని పనేమోనన్న అనుమానం నాకు పోయింది. అలాంటి మొహం ఎవరూ నటించలేరు.

"మేడమ్, పబ్లిసిటీ కోసం చేశారని రేపు ఎవరైనా అంటే మాకు మాట వస్తుందండీ," అంటున్నారు ఆఫీసరు. "దీన్ని ప్రదర్శననుంచి తీసెయ్యక తప్పదు. మీకు ఇకముందు అవకాశాలు కూడా..."

సుధ ఆయన మాట వింటున్నట్టు లేదు. అడ్డంగా కట్టిన తాడు దాటి వెళ్ళి, రెండు చేతులతో దాన్ని ఎత్తుకుంది. చెవి దగ్గర పెట్టుకుని మెల్లిగా ఊపింది.

లోపల ఏదో దొర్లింది. టక్, టక్.

ఉంగరం సంగతి నేను అప్పటికి ఎవరికీ చెప్పలేదు. సుధకి కూడా. వెళ్ళి కాపలా ఆయన కుర్చీలో కూలబడ్డాను. సుధ మాత్రం మళ్ళీ ఊపింది, మళ్ళీ విన్నది. ఆనందంగా లేదు, భయంగా లేదు. చిన్నప్పుడు నూనె చేతులతో వంటింటి గుమ్మంలో కూచుని ఊపి వినేదే, ఆ మొహమే పెట్టుకుని ఉంది.

నేను ఊరుకోలేదు. ఊరుకుంటే నేను నేను కాదు. సూర్యారావుపేటలో నా పాత స్టూడెంటు ఒకమ్మాయి స్కానింగ్ సెంటర్ నడుపుతోంది. కజ్జికాయని శాలువాలో చుట్టి అక్కడికి తీసుకెళ్ళాం. ఆ అమ్మాయి శాలువా విప్పి చూసి నవ్వింది.

"పేషెంటు పేరేం రాయమంటారు మేడమ్?" అంది.

తెరమీద బొమ్మ వచ్చాక ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. కజ్జికాయ చుట్టూ గోడ అంతా ఒకే మందంలో ఉంది. అంచు దగ్గర కూడా అతికిన జాడ లేదు. మధ్యలో తెల్లగా ఒక ఉంగరం. ఒకవైపు నొక్కుకుపోయి ఉంది. రాళ్ళు ఉండే మూడు గూళ్ళలో మధ్యది ఖాళీ.

"దీన్ని లోపల పెట్టి ఎలా మూశారు మేడమ్?" అని ఆ అమ్మాయి అడిగింది. నా తలలో ఇంకొకటి తిరుగుతోంది. సుధ బట్టీలో మట్టి కాలే వేడి, బంగారం కరిగే వేడి కంటే ఎక్కువ. ఉంగరం లోపల పెట్టి, అంచు మూసి కాల్చి ఉంటే అది కరిగి ముద్దయిపోయేది. ఇది చెక్కుచెదరకుండా ఉంది. కాల్చాక పెడదామంటే దారి లేదు. కాల్చకముందు పెడదామంటే నిలవదు. ఎటునుంచి ఆలోచించినా తలుపు వేసి ఉంది. జీవితంలో మొదటిసారి ఒక విద్యార్థి ముందు నాకు తెలియదని చెప్పి బయటకు వచ్చేశాను.

ఆ ఫోటో అప్పుడు గుర్తొచ్చింది. ఆటోలో ఫోను తీసి చూశాను. అమ్మ చెయ్యి కజ్జికాయ మీద ఉంది. వేలికి ఉంగరం ఉంది, మధ్యరాయి లేని గూడు కూడా కనిపిస్తోంది. వేళ్ళ పక్కనే తెరుచుకున్న నోరు. రెండూ ఒకే ఫోటోలో ఉన్నాయి. అమ్మ వేలికి ఉంగరం లేదన్న సంగతి అప్పుడు గానీ సుధకి చెప్పలేదు. అది నా భుజంమీద తల పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఆటో అతను అద్దంలో మమ్మల్ని చూసి రేడియో కట్టేశాడు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ భోజనం వేళయింది. మేరీ మెత్తగా కలిపిన పప్పన్నం గిన్నె పట్టుకుని కూచుని ఉంది. అమ్మ తినడం లేదట. సుధ కజ్జికాయని తెచ్చి అమ్మ ఒళ్ళో, దుప్పటి మీద పెట్టింది. ముగ్గురం చూస్తున్నాం.

అమ్మ దానివంక చూడలేదు. మొహం కిటికీ వైపు తిప్పి, ఎడమచేత్తో దాన్ని సుధ వైపు తోసింది. అంతే.

తర్వాత మేరీ ముద్ద అందిస్తే నోరు తెరవలేదు. నేను పెట్టినా తెరవలేదు. కళ్ళు తిప్పి సుధ చేతులకేసి చూస్తోంది. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ మట్టి ఉండే ఆ చేతులు. సుధ లేచి, చెయ్యి కడుక్కుని వచ్చి, గిన్నె తీసుకుంది. ముద్ద అందించింది. అమ్మ నోరు తెరిచింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నది. నేను వంటింట్లోకి వెళ్ళి స్టవ్ దగ్గర నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

జరిగింది ఇదీ. మ్యూజియం వాళ్ళు ఆ వస్తువు "కళాకారిణి వెనక్కి తీసుకున్నారు" అని రాసుకుని ఊరుకున్నారు. ఆఫీసరు గారు ఆ తర్వాత ఒక ఆదివారం ఇంటికి వచ్చారు. అమ్మకు నమస్కారం పెట్టి, కాఫీ తాగి, దాని ప్రస్తావన లేకుండా వెళ్ళిపోయారు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ మాత్రం, "మా అమ్మ కూడా అంచు చేత్తోనే వేసేదండీ" అన్నారు.

నేను ఇప్పటికీ కారణాలు వెతుకుతున్నాను. మేరీని, సుధని, మ్యూజియం వాళ్ళని, నా కళ్ళని, అందర్నీ అనుమానించి చూశాను. ఎవరిమీద మోపినా ఎక్స్‌రే ఒప్పుకోవడం లేదు. అమ్మ చెయ్యి ఇప్పటికీ కదలదు. డాక్టరు సూది గుచ్చి చూశాడు, స్పర్శ కూడా లేదన్నాడు. ఉంగరం ఉన్న చోట తెల్లటి పల్లం మాత్రం పూడలేదు.

పగలగొడితే ఉంగరం బయటకు వస్తుంది. దాన్ని చేత్తో పట్టుకుని చూడొచ్చు. లోపలివైపు మడతలు ఎలా ఉన్నాయో తెలుస్తుంది. సైన్సు చదువుకున్న మనిషిగా నేను చేయాల్సింది అదే. ఒకసారి ఇంట్లో ఎవరూ లేనప్పుడు పచ్చడిబండ తెచ్చి పక్కన పెట్టుకున్నాను కూడా. చెయ్యి రాలేదు. బండని తీసుకెళ్ళి దాని చోట పెట్టేశాను.

ఆ కజ్జికాయ హాల్లో షెల్ఫు మీద ఉంది. సుధ రోజూ మధ్యాహ్నం ఆటోనగర్‌నుంచి వచ్చి అమ్మకు అన్నం పెట్టి వెళ్తుంది. నిన్న దుమ్ము తుడుస్తూ దాన్ని పొరపాటున కదిపాను. లోపల టక్‌మంది. గదిలోంచి అమ్మ నవ్విన చప్పుడు వినపడింది. ఆవిడకు పక్షవాతం వచ్చాక నేను ఆ నవ్వు వినలేదు. పరుగెత్తుకెళ్ళి చూస్తే గాఢనిద్రలో ఉంది. దీన్ని ఏమనాలో నాకు తెలియదు. గుడ్డ అక్కడే వదిలేసి, ఆవిడ మంచం పక్కన చాలాసేపు కూచున్నాను.